డెడికేటెడ్ ఐపీకి డబ్బు కట్టే ముందు

హోస్టింగ్ కంపెనీల ధరల పట్టికల్లో డెడికేటెడ్ ఐపీకి, అంటే ఒక్క సైటుకే కేటాయించే ఇంటర్నెట్ చిరునామాకు, ఇంకా చోటు దక్కుతూనే ఉంది. భద్రత, వేగం, గూగుల్ ర్యాంకు అని మూడు పేర్లు చెప్పి దాన్ని అంటగడుతున్నారు. మూడింట్లో ఒక్కటీ నిలబడదు.

ఒకే ఐపీ మీద వంద సైట్లున్నా సర్వర్ తికమకపడదు. తనకు ఏ డొమైన్ కావాలో బ్రౌజర్ తన అభ్యర్థనలోని హోస్ట్ హెడర్‌లో చెబుతుంది. చిక్కల్లా హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చింది. ఆ హెడర్ అందకముందే సర్వర్ ఆ సైటు గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ చూపించాలి, మరి ఎవరిది చూపించాలో దానికి తెలిసేదెలా? అందుకే ఒకప్పుడు ఎస్‌ఎస్‌ఎల్ (హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్) కావాలంటే సొంత ఐపీ కొనక తప్పేది కాదు. 2003లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఐ (సర్వర్ నేమ్ ఇండికేషన్) ఆ ముడి విప్పింది. బ్రౌజర్, సర్వర్ సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే హ్యాండ్‌షేక్ మొదటి సందేశంలోనే డొమైన్ పేరు వెళ్లిపోతుంది. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇది అర్థమయ్యేది కాదు కాబట్టి పాత పద్ధతి మరికొన్నేళ్లు సాగింది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక ఆ సాకూ పోయింది.

ఐపీ మారితే సీపీయూ మారదు, మెమరీ పెరగదు, కాబట్టి వేగమూ పెరగదు. షేర్డ్ ఐపీ (పలు సైట్లు పంచుకునేది) వల్ల ర్యాంకు తగ్గదని గూగుల్ వాళ్లే చెప్పారు.

షేర్డ్ ఐపీలో తరచూ కనిపించే లోపం వేరే ఉంది. ఒక డొమైన్‌కు హెచ్‌టీటీపీఎస్ వర్చువల్ హోస్ట్ (సర్వర్ సెట్టింగుల్లో ఆ డొమైన్ భాగం) రాయడం మరిచిపోతే, సర్వర్ ఆ ఐపీ మీద మొదటగా లోడైన సైటు సర్టిఫికెట్‌ను చూపిస్తుంది. సందర్శకుడికి ఎవరిదో డొమైన్ పేరుతో హెచ్చరిక వస్తుంది. దీనికి కొత్త ఐపీ అక్కర్లేదు. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఖాళీ డిఫాల్ట్ సర్వర్ ఒకటి పెట్టి 444 (జవాబివ్వకుండా కనెక్షన్ మూసేసే కోడ్) ఇప్పించి, మిగిలిన డొమైన్లకు వాటి బ్లాకులు సరిగ్గా రాస్తే చాలు.

సొంత ఐపీ నిజంగా పనికొచ్చేది మెయిల్ దగ్గర. పక్క సైటు హ్యాకై స్పామ్ పంపితే ఆ ఐపీ స్పామ్ పంపే ఐపీలను నమోదు చేసే స్పామ్‌హాస్ జాబితాకెక్కుతుంది, మీ ఇన్‌వాయిస్‌లూ తిరిగొస్తాయి. అయితే చాలామంది ఇక్కడే మోసపోతారు. సైటుకు కేటాయించిన ఐపీ లోపలికి వచ్చే దారి మాత్రమే. బయటికి వెళ్లే మెయిల్, పీహెచ్‌పీ కోడ్ నుంచి ఇతర సర్వీసులకు వెళ్లే ఏపీఐ కాల్స్ మామూలుగా సర్వర్ ప్రధాన ఐపీ నుంచే పోతాయి. పేమెంట్ గేట్‌వేలో కొత్త ఐపీని వైట్‌లిస్ట్ (అనుమతి జాబితా)లో చేర్పించి, కాల్స్ ఇంకా ఎందుకు తిరస్కరిస్తున్నారని తల పట్టుకునేది ఇందుకే. సీప్యానెల్ (హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్) సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రాం ఎగ్జిమ్ ఆ ఖాతా ఐపీ నుంచే మెయిల్ పంపేలా విడిగా అమర్చాలి. కర్ల్ లైబ్రరీతో చేసే ఏపీఐ కాల్స్‌కు, ఏ ఐపీ నుంచి వెళ్లాలో చెప్పే ఇంటర్‌ఫేస్ ఆప్షన్ ఇవ్వాలి.

ఐపీ నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు మీ డొమైన్ డీఎన్‌ఎస్ జోన్‌లో రాస్తే పనిచేయదు, ఐపీ ఎవరిదో ఆ ప్రొవైడరే పెట్టాలి. అందులోని పేరు మళ్లీ అదే ఐపీకి తిరిగి రావాలి. చేతికొచ్చిన ఐపీ పాతవాడి పాపం మోసుకుని వస్తుందేమో బ్లాక్‌లిస్టుల్లో ముందే చూసుకోవాలి. శుభ్రంగా ఉన్నా చరిత్ర లేని ఐపీని జీమెయిల్ అనుమానంగానే చూస్తుంది. కొద్ది మెయిళ్లతో మొదలుపెట్టి వారాల పాటు పెంచుకుంటూ పోవాలి. రోజుకు పదో ఇరవయ్యో మెయిళ్లు పంపేవారి ఐపీకి మంచి పేరు ఎప్పటికీ ఏర్పడదు, వారికి మెయిల్‌ను తన సర్వర్ల ద్వారా పంపిపెట్టే మంచి రిలే సర్వీసే మేలు.

పొరుగువాడి తప్పుకు మీ సైటు మూతపడే ప్రమాదమూ లేకపోలేదు. 2022 ఆగస్టులో ఆస్ట్రియాలో కాపీరైట్ కేసు కారణంగా, లెక్కలేనన్ని సైట్లు పంచుకునే క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు కొన్నిటిని బ్లాక్ చేస్తే, ఏ సంబంధమూ లేని సైట్లెన్నో అందకుండా పోయాయి. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (సైటును తన సర్వర్ల ద్వారా అందించే నెట్‌వర్క్) వెనక ఉంటే సందర్శకుడికి కనిపించేది దాని ఐపీయే, మీరు కొన్నది కాదు.

ఐపీవీ4 (పాత తరహా ఐపీ చిరునామాలు) కొరత కూడా లెక్కలోకి వస్తుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కు గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది, అంటే ఏడాదికి దాదాపు 44 డాలర్లు. ఇరవై సైట్లకు ఇరవై ఐపీలంటే ఊరికే పారబోయడమే.

అవసరం తేలి మారుతుంటే, ఒక రోజు ముందే టీటీఎల్‌ను (డీఎన్‌ఎస్ జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు దించండి. డొమైన్‌ను ఐపీకి కలిపే ‘A’ రికార్డుతో పాటు, మీ పేరుతో మెయిల్ పంపేందుకు అనుమతి ఉన్న ఐపీలు రాసే ఎస్‌పీఎఫ్ రికార్డులోని ఐపీనీ మార్చండి, చాలామంది మరిచేది రెండోదే. పాత ఐపీ లాగ్‌లో మీ డొమైన్‌కు హిట్లు ఆగేదాకా దాన్ని వదలొద్దు. డొమైన్ పేరుకు ఐపీ వెతికిపెట్టే రిజాల్వర్లలో టీటీఎల్‌ను పట్టించుకోనివి ఒకటి రెండు రోజులు సందర్శకులను అక్కడికే పంపుతుంటాయి.