గీజరు విషవాయువును బొగ్గు గిన్నె ఆపదు

తిరుపతిలో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది: "గిన్నెడు పొయ్యి బొగ్గులు గదిలో పెట్టండి. ఏ విషవాయువునైనా పీల్చేస్తాయి, గ్యాస్ గీజరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా. రసాయనాలు పట్టించిన బొగ్గు కొనడం దండగ. నెలకోసారి ఎండబెడితే మళ్ళీ కొత్తవే." ఆవిరుల మిశ్రమాన్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం మీద రోజూ పనిచేసేవాణ్ణి. ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ 'దండగ' మాట. కొబ్బరి చిప్పల బొగ్గును 800 డిగ్రీలు దాటిన వేడిలో నీటి ఆవిరికి గురిచేస్తే, లేదా రంపపు పొట్టును ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి కాలిస్తే, అందులో కంటికి ఆనని రంధ్రాలు లెక్కలేనన్ని పడతాయి. అప్పుడు ఒక్క గ్రాములోనే లోపలి ఉపరితలం వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉంటుంది, అంటే పావు ఎకరం! పొయ్యి బొగ్గుకు ఆ విస్తీర్ణం ఎక్కడిది? బెంజీన్, టోలీన్ వంటి ద్రావకాల ఆవిరులు ఆ రంధ్రాల గోడలకు అంటుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. అమోనియా అలా గట్టిగా అంటదు. అందుకే దానికోసం బొగ్గుకు ఆమ్లం పట్టిస్తారు. పాదరసపు ఆవిరి కోసమైతే గంధకం. అక్కడ పట్టి ఉంచేది రసాయన చర్య. సందేశం కొట్టిపారేసింది సరిగ్గా దాన్నే.

ఎండ సంగతి. గాలిలోని ద్రావకాల ఆవిరిని కొలిచే గాజు గొట్టంలో ముందు 100, వెనుక 50 మిల్లీగ్రాముల బొగ్గు ఉంటుంది. ముందు భాగం నిండితే ఆవిరి వెనక్కి జారుతుంది. పట్టిన టోలీన్‌ను విడిపించడానికి బొగ్గును కార్బన్ డైసల్ఫైడ్‌లో నానబెట్టి, ఆ ద్రవాన్ని యంత్రంలోకి ఎక్కిస్తాం. రోహిణి కార్తెలో మన డాబాల మీద ఎండ ఎంత మండినా బొగ్గులోని తేమ ఆరుతుంది, కొంత వాసన పోతుంది, అంతే; బొగ్గు మళ్ళీ కొత్తదైపోదు.

ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం కార్బన్ మోనాక్సైడ్ మాట. సాధారణంగా మరిగే ఉష్ణోగ్రత ఎక్కువైన ఆవిరి బొగ్గుకు గట్టిగా అంటుతుంది. బెంజీన్ 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 191 దగ్గర. బొగ్గు నింపిన గొట్టంలోకి గది వేడిమిలో రెంటినీ కలిపి పంపితే, బెంజీన్ లోపలే చిక్కుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో బయటపడుతుంది. రసాయనం పట్టించని బొగ్గు దాన్ని ఆపలేదు. పైగా దానికి వాసన లేదు, రంగు లేదు. గిన్నె పనిచేయడం లేదని తెలిసే దారే ఉండదు.

ఈ సందేశం నమ్మి స్నానాల గది వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టినవారు ఎవరైనా ఉంటే, ఈ రోజే దాన్ని తీసేయండి. గీజరును గది బయట బిగించమని మెకానిక్‌తో చెప్పండి.