ధర్నా అంటే నవ్వాలా?

సాయంత్రం ఆరున్నరకు మా మేనకోడలు ఇంటికొచ్చింది. బ్యాగు సోఫాలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా డైనింగ్ టేబుల్ దగ్గర కూలబడింది. ఏమైంది బిడ్డా అంటే ఉలకదు, పలకదు. టీ పెట్టిచ్చాను. సగం తాగాక నోరు విప్పింది.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ఇవాళ గ్రూప్ డిస్కషనట. టాపిక్ పాలిటిక్స్, గవర్నమెంట్, రివల్యూషన్. ఇది ధైర్యం చేసి లేచింది. రోడ్డు వేయమని మా ఊరి ఆడవాళ్లంతా ఎమ్మార్వో ఆఫీసు ముందు ధర్నా చేశారని ఇంగ్లీషులో చెప్పబోయింది. ధర్నా అనగానే సార్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. "ఊరి మాటలు ఇక్కడ వద్దమ్మా, సిట్-ఇన్ అను" అన్నాడు. ముప్పై మంది పిల్లలు గొల్లున నవ్వారు. ఇది మిగతా వాక్యం మింగేసి కూర్చుంది. రోడ్డు వచ్చిందా లేదా అన్నది ఎవరూ అడగలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, ఇంకా మండుతూనే ఉంది.

ధర్నా ఊరి మాటా? ధర్నా, బంద్, ఘెరావ్, లాఠీ, ఇవన్నీ ఇంగ్లీషువాళ్లు తమ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో పెట్టుకుని ఎన్నేళ్లయిందో ఆ సార్‌కు తెలియదా? ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం వేసే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో 2020 ఎడిషన్‌కు హర్తాళ్ కూడా చేరింది. వాళ్లు ఒప్పుకుని అచ్చేసుకున్న మాటల్ని మన పిల్ల నోట వింటే మనవాళ్లకే నవ్వొస్తుంది.

అసలు ధర్నా వేరు, సిట్-ఇన్ వేరు. 1960లో అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని, మేం లేవం అన్నారు. సిట్-ఇన్ అంటే నాకు వాళ్లే గుర్తొస్తారు. గొప్ప మాట అది, వాళ్ల కష్టంలోంచి వచ్చింది. మరి ధర్నా? బాకీ ఎగ్గొట్టినవాడి గుమ్మం ముందు తిండి మాని, బాకీ తీర్చేదాకా కదలకుండా కూర్చోవడం పాతకాలపు ధర్నా. మా ఊరి ఆడవాళ్లు చేసింది సరిగ్గా అదే. సర్కారు తమకు రోడ్డు బాకీ ఉందని గుమ్మం ముందు కూర్చున్నారు. ఆ మాట తీసేస్తే ఆ బాకీ కూడా పోతుంది కదా!

ఇక ఆ షీటు సంగతి. సార్ ఇచ్చిన జిరాక్స్ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు అర్థం. మ్యూటినీ, తిరుగుబాటు. రివోల్ట్, తిరుగుబాటు. రెబెలియన్, తిరుగుబాటు. అప్‌రైజింగ్, తిరుగుబాటు. ఇన్సరెక్షన్, తిరుగుబాటు. ఐదు మాటలకూ ఒకటే అర్థం. వాటి కింద కూ అని పలకాల్సిన ఫ్రెంచి మాటను కూప్ అని తెలుగులో రాసి, పక్కన కుట్ర అని పెట్టారు. అధికారాన్ని ఉన్నపళాన లాగేసుకోవడం ఎక్కడ, కుట్ర ఎక్కడ! రేపు వీటి మీద టెస్ట్. పిల్ల కళ్లు మూసుకుని ఎక్కాల్లాగా బట్టీ పడుతోంది. మధ్యలో కళ్లు తెరిచి, "అత్తా, అన్నీ ఒకటే అయితే ఐదు మాటలెందుకు?" అంది. టెస్ట్ రాయకముందే ఈ ఒక్క ప్రశ్నకు దానికి వందకు వంద వేసేయొచ్చు.

ఒకటి కావు కదా మరి! 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నౌకాదళం కుర్రాళ్లు పాడు తిండికి, తెల్ల ఆఫీసర్ల తిట్లకు విసిగిపోయి ఎదురు తిరిగారు. అది మ్యూటినీ. యూనిఫాం వేసుకున్నవాడు పై అధికారి మాట వినను అంటే వాడే మాట. 1857ను కూడా తెల్లవాళ్లు మ్యూటినీ అనే రాశారు. అలా రాస్తే అది సిపాయిల క్రమశిక్షణ గొడవగా మిగిలిపోతుంది, దేశం లేచిందని ఒప్పుకోనక్కర్లేదు. మనం దాన్నే ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అన్నాం. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు మన్యంలో చేసింది ఇంగ్లీషు పుస్తకాల్లో రెబెలియన్, మనవాళ్ల నోట పితూరీ. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకొచ్చిన పోరాటానికి ఉన్న పేరు అది. ఇవాళ పితూరీ అంటే టీచరు దగ్గరకెళ్లి పక్కవాడి మీద చాడీలు చెప్పడం. నాకైతే ఇది తలచుకుంటే ఏడుపొస్తుంది. మన మాట కూడా మన చేతిలో లేకుండా పోతోంది, ఇంకొకరి మాట సరిగ్గా ఎలా పట్టుకుంటాం?

అదే షీటులో ఇంకో చోట లిబరేషన్ అంటే విముక్తి, మెర్జర్ అంటే విలీనం అని ఉంది. మాది జనగామ వైపు. ఈ రెండు మాటల మధ్య తేడా మా ఇళ్లల్లో అన్నం దగ్గర కూర్చుని కొట్లాడుకున్న తేడా. సెప్టెంబర్ 17 వస్తే ఒకరికి విమోచన దినం, ఒకరికి విలీన దినం, ఇంకొకరికి విద్రోహ దినం. ఢిల్లీ ఒక పేరుతో జరుపుతుంది, హైదరాబాద్‌లో ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. అదే రోజు, అదే నిజాం లొంగుబాటు. 1948 సెప్టెంబర్ 13న యుద్ధ ట్యాంకులతో వచ్చింది భారత సైన్యం. పెట్టిన పేరు మాత్రం పోలీస్ యాక్షన్. మా నాయనమ్మకు చదువు రాదు, ఆమె నోట ఉన్న ఇంగ్లీషు మాటల్లో అదొకటి. "మీ పెద్దనాయన పోలీసు యాక్షన్ అయినంక పుట్టిండు" అని పుట్టిన తేదీలు దానితో లెక్కగట్టేది. సైన్యం వస్తే పోలీసు అని ఎందుకన్నారని పిల్లలకు ఒక్కసారి అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో గంట క్లాసు నడుస్తుంది. షీటు అక్కర్లేదు.

నాయనమ్మ పేరెత్తాను కాబట్టి, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది ఇవాళ చెప్పేస్తాను.

2006లో నేను ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు. మీ ప్రాంతం గురించి చెప్పమన్నారు. సంతోషపడ్డాను, ఎందుకంటే చెప్పడానికి నాకు చాలా ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన సంగతి, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దొరను తన పంట మీద చెయ్యి వేయనివ్వని సంగతి. దొర గడిలో మా నాయనమ్మ వెట్టి చేసింది. వాకిలి ఊడ్చింది, వడ్లు దంచింది, పసిపిల్లకు పాలివ్వడానికి ఇంటికి పోతానంటే పోనివ్వలేదు. ఇవన్నీ చెప్పాలి. కానీ వెట్టికి ఇంగ్లీషు మాట నాకు తెలియదు. తెలుగు మీడియంలో చదివాను, ఆ మాట ఏ సారూ చెప్పలేదు. వెతుక్కుని వెతుక్కుని, మా నాయనమ్మ జీతం లేకుండా పనిచేసింది అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మధ్యలో కూర్చున్నాయన "ఇంటర్న్‌షిప్పా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

మా నాయనమ్మ వెట్టిని చూసి నవ్వారు. నా నోట మాట రాలేదు. మెట్లు దిగి బస్‌స్టాపులో నిలబడి ఏడ్చాను. ఇన్నేళ్లయినా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. ఇవాళ ముప్పై మంది నవ్వారని పిల్ల చెబుతుంటే నాకు మళ్లీ అదే వినిపించింది.

ఆ మాట నాకు తర్వాత దొరికింది. ఎక్కడో కాదు, మన రాజ్యాంగంలో. ఆర్టికల్ 23, ఇంగ్లీషు ప్రతి. మనుషుల అక్రమ రవాణాను, బేగార్‌ను, అలాంటి ఇతర బలవంతపు చాకిరీని నిషేధిస్తుంది. బేగార్ అన్న మాటను ఇంగ్లీషు వాక్యం మధ్యలో అలాగే ఉంచారు. అంబేద్కర్ గారికి, ఆ సభలో కూర్చున్నవాళ్లకు ఇంగ్లీషు రాకనా? ఫోర్స్‌డ్ లేబర్ అన్న మాట ఆ పక్కనే వాడారు కదా! బేగార్ చేసినవాడి బతుకు ఆ మాటలోనే ఉందని ఉంచారు. దేశపు అతి పెద్ద చట్టంలో ఊరి మాట నిలబడింది. కోచింగ్ క్లాసులో నిలబడకూడదా?

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. మాట రాక ఏడ్చినదాన్ని, నాకంటే ఎక్కువ ఎవరికి కావాలి ఇంగ్లీషు? కోర్టు కాగితం, జీవో, రేపు మన పిల్లలు ఎక్కే వేదిక, అన్నీ ఇంగ్లీషే. ప్రతి మాటా రావాలి, గట్టిగా రావాలి. కానీ మన నేల మీద నిలబెట్టి నేర్పండి. డిస్మిసల్, డిఫెక్షన్, మెజారిటీ, గవర్నర్ అధికారాలు, వీటన్నిటికీ 1984 ఆగస్టు ఒక్కటి చాలు. ఎన్టీఆర్‌ను దించడం, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి కావడం, ఎమ్మెల్యేల్ని కర్ణాటకకు తీసుకెళ్లి దాచడం, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ రావడం. ఇంట్లో తాతను అడిగితే కథలా చెబుతాడు. జనరల్ స్ట్రైక్ కావాలా? 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేశాం. ఆ క్లాసులో సగం మంది పిల్లల అమ్మానాన్నలు అందులో ఉండే ఉంటారు. వాళ్ల పిల్లలకే సమ్మె అన్న మాట చెప్పడానికి సిగ్గు నేర్పుతున్నారు.

పిల్లను ఇందాకే లేపి కూర్చోబెట్టాను. షీటులో కుడి వైపు ఉన్న ఐదు తిరుగుబాట్లనూ కొట్టేసి, ఒక్కోదాని పక్కన ఒక్కో ఊరి పేరు, సంవత్సరం రాసుకున్నాం. బొంబాయి, మన్యం, కడవెండి... రాస్తూ రాస్తూ "అత్తా, నాన్న వాళ్ల నాయనమ్మ చేసిందాన్ని బేగార్ అనొచ్చా?" అంది. అనొచ్చు అన్నాను. వెట్టి అని కూడా అనొచ్చు, అని ఆగి, దాని అర్థం వాళ్లకు చెప్పొచ్చు.

రేపు పదింటికి క్లాసు. ఆర్టికల్ 23 ఉన్న పేజీ ప్రింటు తీసి దాని ఫైల్లో పెట్టాను. నేనూ వెంట వెళ్తున్నాను.