సందేహమే శ్రీరామరక్ష

మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద జరిమానా నోటీసు రాగానే కొన్ని కంపెనీలు నిద్రాహారాలు మానేస్తున్నాయట. పాపం, చట్టం పూర్తిగా చదవకపోవడం వల్ల వచ్చిన బెంగ అది.

ముందు రేట్లు చూసుకోండి. సెక్షన్ 13 ప్రకారం, అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసి ఉంచే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ డైరెక్టర్ మీకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వొచ్చు, ఫలానా పని చెయ్యమనొచ్చు, ఎప్పటికప్పుడు నివేదికలు పంపమనొచ్చు. మరీ కోపమొస్తే జరిమానా వెయ్యొచ్చు. ఒక్కో లోపానికి రూ.10 వేలకు తగ్గకూడదు, రూ.లక్షకు మించకూడదు. కాబట్టి విద్యంతా లెక్కపెట్టడంలోనే ఉంది. రూ.10 లక్షలు దాటిన నగదు లావాదేవీల నివేదిక మరుసటి నెల 15వ తేదీలోగా పంపాలి. పంపలేదనుకోండి. అది ఒక తప్పా, లేక అందులో ఉండాల్సిన నలభై పద్దులకు నలభై తప్పులా? వకీళ్ల ఫీజు ఈ ఎక్కం మీదే నడుస్తుంది. 2024లో పేటీఎం పేమెంట్స్ బ్యాంకుకు రూ.5.49 కోట్లు, క్రిప్టో ఎక్స్ఛేంజి బైనాన్స్‌కు రూ.18.82 కోట్లు జరిమానా పడ్డాయి. లోపానికి లక్షే గరిష్ఠం కనుక మొదటిదాంట్లో కనీసం 549, రెండోదాంట్లో కనీసం 1,882 లోపాలు లెక్కకు వచ్చి ఉండాలి. అన్ని తప్పులు ఓపిగ్గా ఏరినవారికి దణ్ణం పెట్టాలి.

ఇక అసలు మందు. 2020 డిసెంబరు 17న ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్‌కు ఇదే యూనిట్ రూ.96 లక్షల జరిమానా వేసింది. ‘రిపోర్టింగ్ ఎంటిటీ’గా, అంటే లావాదేవీల నివేదికలు పంపాల్సిన సంస్థగా, నమోదు చేసుకోలేదన్నది నేరం. దేశ ఆర్థిక వ్యవస్థ విచ్ఛిన్నానికి తోడ్పడిందన్నంత మాట కూడా అంది. గచ్చిబౌలిలో మంచి ఫ్లాటు కూడా రాని సొమ్ముకు ఆర్థిక వ్యవస్థ విచ్ఛిన్నం! కంపెనీ వాదన సింపుల్: మేం డబ్బు ముట్టం, మధ్యలో సాంకేతిక సేవ మాత్రమే ఇస్తాం. ఈ వాదనకు కొండంత అండ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, సాక్షాత్తూ రిజర్వ్ బ్యాంకు నుంచి. 2007 నాటి చెల్లింపుల చట్టం ప్రకారం పేపాల్ ‘పేమెంట్ సిస్టమ్ ఆపరేటర్’ (చెల్లింపుల వ్యవస్థ నడిపే సంస్థ) కాదని ఆర్‌బీఐ వైఖరి. అత్త అవునంటే మామ కాదన్నాడు. మధ్యలో అల్లుడు నేరుగా ఢిల్లీ హైకోర్టులో రిట్ వేశాడు. (అప్పీలుకు సెక్షన్ 26 కింద ట్రైబ్యునల్ ఉంది, గడువు 45 రోజులు. కానీ ఇంత పెద్ద కుటుంబ తగాదాకు పెద్ద పంచాయతీయే కావాలి.)

2021 జనవరిలో కోర్టు స్టే ఇచ్చింది. 96 లక్షలకు బ్యాంకు గ్యారంటీ పెట్టమంది, లావాదేవీల రికార్డులు భద్రంగా దాచమంది. ఆర్‌బీఐ, ఆర్థిక శాఖల తరఫువాళ్లు కమిటీగా కూర్చుని ముందు ఒక మాట మీదికి రమ్మంది. 2023 జులై 24న తీర్పు వచ్చింది: మనీలాండరింగ్ చట్టం ఉద్దేశం వేరు, దాని ప్రకారం పేపాల్ ఆపరేటరే, నివేదికలివ్వాల్సిందే. జరిమానా మాత్రం రద్దు, ఎందుకంటే కంపెనీకున్న సందేహం నిజాయతీ గలది. పాము చావలేదు, కర్ర విరగలేదు. తప్పేమీ లేదు లెండి, న్యాయసూత్రం పాతదే. హిందుస్థాన్ స్టీల్ ఒడిశా అమ్మకపు పన్ను కింద నమోదు కాకపోతే, చిత్తశుద్ధితో నమ్మి చేసినదానికి జరిమానా తగదని 1969లో సుప్రీంకోర్టు అంది. అదే కోర్టు 2006లో శ్రీరామ్ మ్యూచువల్ ఫండ్ కేసులో, ఉల్లంఘన రుజువైతే చాలు, ఉద్దేశంతో పనిలేదంది. కంపెనీ వకీలు మొదటిది పట్టుకొస్తాడు, ప్రభుత్వ వకీలు రెండోది. జడ్జిగారు రెండూ చదువుతారు.

అందుచేత కంపెనీల్లో చట్టాల అమలు చూసుకునే కంప్లయన్స్ అధికారులకు సలహా: సందేహాన్ని ముందుగానే పండించుకోండి. నోటీసు వచ్చాక రాయించుకున్న లీగల్ ఒపీనియన్‌కు వాసనుండదు. దాని తేదీ నోటీసుకు ముందుండాలి. నియంత్రణ సంస్థకు ‘మేం మీ పరిధిలోకి వస్తామా?’ అని ఉత్తరం రాసి, రసీదు భద్రపరచండి. జవాబు రాకపోతే ఇంకా మంచిది. అయితే ఒక్క చోట ఈ మందు పనిచెయ్యదు. మీ సాఫ్ట్‌వేరే అనుమానాస్పదమని అలర్టు మోగిస్తే, దాన్ని ఈ నివేదికలకు బాధ్యుడైన ప్రిన్సిపల్ ఆఫీసరు కారణం రాయకుండా ‘ఓకే’ కొట్టి మూసేస్తే, ఆ ‘ఓకే’లో సందేహం ఎక్కడుందో ఏ సీనియర్ అడ్వొకేటూ చూపించలేడు.

ఈ సదుపాయం ఖాతాదారులకు ఇంకా విస్తరించలేదు. తక్కువ రిస్కు ఖాతాకు కేవైసీ పదేళ్లకోసారి చాలునని ఆర్‌బీఐ అంటుంది. మొన్ననే ఇచ్చిన ఆధార్ జిరాక్సు మళ్లీ తెమ్మని కౌంటరు అంటుంది. రెండు చోట్లా రెండు మాటలున్నాయి కనుక తనకు నిజాయతీ గల సందేహం ఉందని పింఛను కోసం వచ్చిన మామ్మగారు వాదించి చూడొచ్చు. భోజన విరామం అయ్యాక కొత్త టోకెన్ తీసుకోమంటారు.