సవరణ: బ్రిటన్ బొగ్గు, కార్బన్ ధర

కిందటి పోస్టులో "కార్బన్ ధర వల్లే బ్రిటన్‌లో బొగ్గు కరెంటు పోయింది" అని ఉంది (కార్బన్ ధర అంటే గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు కట్టాల్సిన సొమ్ము). "వల్లే" తీసేసి, "ధర ఆ పనిని బాగా వేగవంతం చేసింది" అని చదువుకోండి.

2012లో అక్కడి కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2013లో యూరప్ పర్మిట్ (కార్బన్ డయాక్సైడ్ వదలడానికి కంపెనీలు కొనాల్సిన అనుమతి) ధర మీద బ్రిటన్ అదనపు పన్ను వేసింది; 2015కల్లా అది టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్లైంది. బొగ్గు గ్యాస్ కంటే ఎక్కువ కార్బన్ వదులుతుంది కాబట్టి, గ్యాస్ కంటే బొగ్గు ఖరీదైపోయింది. కానీ గ్యాస్ ప్లాంట్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి కదా! పవన విద్యుత్తూ పెరుగుతోంది, కాలుష్య నిబంధనలు కొన్ని పాత ప్లాంట్లను మూయించాయి. చివరి బొగ్గు కేంద్రం 2024 సెప్టెంబర్ 30న ఆగిపోయింది.

ఇంకోటి, ఆ పన్ను కరెంటు ఉత్పత్తికే. కార్లకు, ఇళ్ల హీటింగ్‌కు వర్తించదు. దేశం మొత్తం ఉద్గారాల తగ్గుదలను దాని ఖాతాలో వేయలేం.