పిల్ల వీపున మోచి, నానమ్మ చేతిలో అరిసె

పిల్లకి పదకొండో నెల రాగానే, మొదటి పుట్టినరోజు ముచ్చట్ల కోసం ఇంట్లో విదేశాంగ శాఖ తెరుచుకుంటుంది. అమ్మకి కొరియా, నాన్నకి జపాన్. నానమ్మకి ఏ దేశమూ కేటాయించరు, ఆవిడకి వంటిల్లు.

ముందు జపాన్ సంగతి. అక్కడ మొదటి పుట్టినరోజుకి ‘ఇస్షో మోచి’ అని ఒక ముచ్చట. ‘షో’ పాతకాలపు కొలత, 1.8 లీటర్లు. ఆ లెక్కన దాదాపు 2 కిలోల మోచి (బంక బియ్యం ఉడికించి దంచిన సాగే ముద్ద)ని గుడ్డలో మూటగట్టి పిల్ల వీపుకి కడతారు. ఇస్షో అంటే ‘ఒక షో’; జీవితాంతం అనే అర్థం కూడా వస్తుంది కనక, తిండికి ఎన్నడూ లోటుండదని నమ్మకం. పిల్ల తూలి పడినా శుభమే అనే ఊళ్లున్నాయి. దక్షిణాన ఉన్న క్యుషూ దీవి వైపు గడ్డి చెప్పులు తొడిగి మోచి మీద నిలబెడతారు.

ఇక్కడ జరిగే మొదటి పొరపాటు బియ్యం. సోనా మసూరితో మోచి రాదు. బంక బియ్యంలో అమైలోజ్ అనే రకం పిండిపదార్థం దాదాపు ఉండదు, అందుకే సాగుతుంది. మన బియ్యం ఎంత దంచినా సాగదు. అలా తయారైన పదార్థాన్ని తెలుగులో ఉండ్రాళ్లంటారు. ఒకవేళ అసలు మోచే కుదిరినా ఏడాది పిల్ల నోట్లో పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. అది వీపుకే.

ఈలోగా వంటింట్లోంచి “అడుగులకి అరిసెలు వండుకోవద్దుటే అమ్మాయ్?” అని వినిపిస్తుంది. దాన్ని ప్రాంతీయ అంశం కింద పక్కన పెట్టాలి. బియ్యపు పిండివంట, దాని మీద పిల్ల పాదం: క్యుషూలో జరిగితే సంస్కృతి, తెనాలిలో జరిగితే నూనె ఖర్చు. పైగా అరిసెకి ఓపిక కావాలి. కిలో బియ్యం రాత్రంతా నానాలి, చెమ్మ ఆరకముందే పిండి కొట్టాలి, ముప్పావు కిలో బెల్లం పాకం పట్టాలి. నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కావాలి; లేతగా ఉంటే అరిసెలు నూనెలో విచ్చిపోతాయి, ముదిరితే పళ్లకి పరీక్ష. ఇదంతా నిమిషం వీడియోలో ఇమడదు.

ఇక కొరియా. అక్కడ మొదటి పుట్టినరోజున ‘దోల్‌జాబి’ చేస్తారు, అంటే పిల్ల ముందు దారం, డబ్బు, బియ్యం, కుంచె లాంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూడడం. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి మనవాళ్లు చూసేదీ ఇదే. ఆర్మీనియాలో మొదటి పన్ను రాగానే చూస్తారు. (అన్నప్రాశనలో తేనె నాకించే పెద్దలుంటే ఆపండి. ఏడాదిలోపు తేనెతో బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు ప్రమాదం. ఇక్కడ ఏ సంప్రదాయాన్నీ గౌరవించక్కర్లేదు.) పిల్ల తనకి దగ్గరున్నదో, మెరిసేదో అందుకుంటుంది. అందుకే స్టెతస్కోపు జానెడు దూరంలో, మిగతావి రెండు మూరల అవతల. ఇది మోసం కాదు, కౌన్సెలింగ్. దారం పట్టుకుంటే దీర్ఘాయువని కొరియావాళ్లు మురిసిపోతారు; మనవాళ్లు మళ్లీ షూట్ చేస్తారు.

ఆ రోజు ఆవిరి మీద వండిన తెల్లటి బియ్యపు కేకుని కొరియాలో ఇరుగుపొరుగుకి పంచుతారు. ఆ అధ్యాయం మాత్రం మన సిలబస్‌లో లేదు. పక్క ఫ్లాట్లో బెంగాలీ కుటుంబం ఉంటుంది. వాళ్లూ మనలాగే మగపిల్లాడికి సరి నెలలో, ఆడపిల్లకి బేసి నెలలో అన్నం ముట్టిస్తారు. మొదటి ముద్ద పాయేష్ (పాయసం), పెట్టేవాడు మేనమామ. పళ్లెంలో పుస్తకం, కలంతో పాటు మట్టి కూడా పెడతారు; పట్టుకుంటే భూములొస్తాయట. ఇదంతా తెలియాలంటే తలుపు తట్టాలి. వాళ్లతో మన పరిచయమేమో వాట్సాప్ గ్రూపులో చెప్పుల స్టాండు తగాదా దగ్గరే ఆగింది.

కాబట్టి వీపు దిగిన ముద్ద ఎవరికివ్వాలో తెలీక ఫ్రిజ్‌లోకి చేరుతుంది. మర్నాటికి రాయి. పారెయ్యకండి. జపాన్‌లో నూరో రోజున, పళ్లు గట్టిగా రావాలని, చాప్‌స్టిక్కులతో ఒక రాయిని తాకి పిల్ల చిగుళ్లకి అద్దుతారు. రెండో కాన్పుకి పనికొస్తుంది.