ఏడో తరగతి పిల్లలకు ఫౌండేషన్ కంటే ముందు నిద్ర కావాలి

విశాఖలో ఆరో తరగతి అడ్మిషన్ కోసం ఏ పెద్ద ప్రైవేటు స్కూలుకి వెళ్లినా ఫౌండేషన్ బ్యాచా (అంటే జేఈఈకి ఇప్పట్నుంచే తయారు చేసేది), మామూలు సెక్షనా అనే మాట వచ్చేస్తుంది. పదకొండేళ్ల పిల్లల గురించి! ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ సిలబస్ 11, 12 తరగతుల పాఠాల్లోది. దానికి ఐదేళ్ల ముందు నుంచే పిల్లల్ని ఎందుకు కూర్చోబెట్టాలో గట్టి కారణం ఎవరూ చెప్పరు, ఎదురింటి వాళ్లు చేర్పించారన్న టెన్షనే మనల్ని నడిపిస్తోంది. ఆ అదనపు గంటలు పిల్లల నిద్రలోంచే కోస్తున్నాం, ఆ నిద్రలేమి బయటపడితే పొగరని, బద్ధకమని తిడుతున్నాం. నాకు బాధ కలిగించేది ఇదే.

ఈడొస్తున్న పిల్లల్లో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను రాత్రిపూట ఆలస్యంగా విడుదలవుతుంది. ఐదో తరగతిలో తొమ్మిదింటికే నిద్రపోయిన పిల్ల, ఏడో తరగతికొచ్చేసరికి పదిన్నరైనా పడుకోకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఫోన్ దాన్ని ఇంకా పెంచుతుంది, నిజమే, కానీ ఫోన్ లాక్కున్నంత మాత్రాన శరీరం మారదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఇప్పుడు మన ఇళ్లలో లెక్క చూడండి. మధురవాడలోనో పెందుర్తిలోనో ఉండి సిటీలో చదివే పిల్లాడు ఆరున్నరకి బస్సెక్కాలంటే ఐదున్నరకి లేవాలి, స్టడీ అవర్స్ అయ్యి ఇల్లు చేరేసరికి ఏడు, తిని, హోంవర్క్ రాసి, స్లిప్ టెస్టుకి చదివి పడుకునేసరికి పదకొండు. ఆరున్నర గంటలు! అంత నిద్రతో మనమైతే ఆఫీసులో ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడగలమా?

గాజువాక వైపు షిఫ్టు డ్యూటీలున్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. నాన్న రెండో షిఫ్టుకి వెళ్తే పిల్లలు స్కూల్నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండడు, రాత్రి పది దాటాకే వస్తాడు. ఆయన కోసం మేలుకుని ఉన్న కూతుర్ని 'ఇంకా పడుకోలేదా' అని గదమాయించకండి. ఆ వయసులో క్లాసులో ఎవరు ఏమన్నారో, ఎవరితో మాటలు లేవో పిల్లలు చెప్పేది అలాంటప్పుడే. తగ్గించాలంటే స్టడీ అవర్ తగ్గించండి, ఆ పావుగంట మాత్రం కాదు.

ముందే మొదలెట్టకపోతే వెనకబడతారు కదా అంటారు. భిన్నాలు, నిష్పత్తులు, బీజగణితం పాఠ్యపుస్తకంలోంచే నిదానంగా, బాగా వస్తే అదే ఫౌండేషన్. ఎనిమిదో తరగతి వరకు చదువు భయం, ఆందోళన లేకుండా సాగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది.

అన్నిటికీ నిద్రే కారణమని అనను. కొన్ని వారాలు సరిగ్గా నిద్రపోయినా తిండి మానేయడం, స్నేహితుల్ని తప్పించుకోవడం, బతకాలని లేదన్నట్టు మాట్లాడటం ఉంటే డాక్టర్ని కలవాలి, ఆ చివరి మాట వింటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగతా ఇళ్లలో పని పేరెంట్స్ మీటింగ్‌లో మొదలవ్వాలి. మార్కుల కంటే ముందు, సాయంత్రం స్టడీ అవర్స్ తప్పనిసరా అని అడగండి. ఒక్కరే అడిగితే నవ్వి పంపేస్తారు, అదే బస్సు రూట్లోని పది కుటుంబాలు కలిసి అడిగితే స్కూలు టైమింగ్స్ గురించి కూర్చుని మాట్లాడక తప్పదు.