కత్తి ఎవరి చేతిలోంచి జారుతోంది?

మేం ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు వేసే ఆటలో ఒక హౌస్ రూల్, అంటే పుస్తకంలో లేకుండా మేమే పెట్టుకున్న రూల్, ఉండేది. దాడి చేసేటప్పుడు 20 ముఖాల పాచిక మీద 1 పడితే చేతిలో ఆయుధం జారి కింద పడుతుంది. దానికి ఫంబుల్ రూల్ అని పేరు. పెట్టింది నేనే. డంజియన్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా, నాకది భలే నచ్చింది. మొదటి రాత్రే ఒక గాబ్లిన్ చేతిలోంచి గొడ్డలి జారి దాని కాలి మీదే పడింది, అందరూ పడీ పడీ నవ్వారు. రూల్ అంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఏడాది తిరిగాక ఒక రాత్రి, ఫైటర్‌గా, అంటే ఆయుధాలతో పోరాడే యోధుడిగా, ఆడే స్నేహితుడు ఒకే పోరాటంలో రెండోసారి కత్తి పోగొట్టుకుని విసుగ్గా అడిగాడు: “లెవెల్ పెరిగే కొద్దీ నా కత్తి ఇంకా ఎక్కువగా జారుతోందేంట్రా?”

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే, వాడు అన్నది అక్షరాలా నిజం.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ఫైటర్ మొదట్లో ఒక టర్న్‌లో ఒక్క దాడే చేయగలడు. 5వ లెవెల్‌కి అవి రెండవుతాయి, 11కి మూడు, 20కి నాలుగు. పోరాటం నాలుగు రౌండ్లు సాగిందనుకుందాం. నిన్నగాక మొన్న కత్తి పట్టినవాడు నాలుగుసార్లు పాచిక వేస్తాడు. అందులో కనీసం ఒక్క 1 పడే అవకాశం 18.5 శాతం. 11వ లెవెల్‌లో పన్నెండుసార్లు వేస్తాడు, అవకాశం 46 శాతం. 20వ లెవెల్‌లో పదహారుసార్లు, 56 శాతం. అంటే లోకంలోకెల్లా గొప్ప ఖడ్గవీరుడు సగానికి పైగా పోరాటాల్లో కత్తి వెతుక్కుంటూ ఉంటాడన్నమాట. పక్కనే ఉన్న విజార్డ్, అంటే మాంత్రికుడు, ఫైర్‌బాల్ అనే మంత్రం విసిరితే దాడి పాచిక వేసే పనే లేదు. తప్పించుకోవడానికి శత్రువులే వేసుకోవాలి. సరదా కోసం నేను పెట్టిన రూల్‌కి మూల్యం మొత్తం ఒక్కడే చెల్లిస్తున్నాడు. ఆ ఒక్కడూ కష్టపడి ఎదిగిన కొద్దీ ఎక్కువ చెల్లిస్తున్నాడు.

హౌస్ రూల్స్ గురించి వాదించుకునేటప్పుడు “బాగుందా, లేదా” అనే అడుగుతాం. ఎవరి జేబుకి చిల్లు పడుతుంది, ఎన్నిసార్లు పడుతుంది అన్నది మాత్రం లెక్క వేయం.

అలాగని హౌస్ రూల్స్ వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. అసలు ఈ ఆట పుట్టిందే అలా. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చిన ఈ ఆట, బొమ్మ సైన్యాలతో ఆడే వార్‌గేమ్ రూల్స్‌కి మార్పులూ చేర్పులూ చేసుకుంటూ పోగా తయారైనదే. ఆ మొదటి పుస్తకాల్లో చిన్న బాకు తగిలినా, రెండు చేతులతో ఎత్తాల్సిన కత్తి తగిలినా దెబ్బ ఒక్కటే, ఆరు ముఖాల పాచిక ఒకటి. ఆయుధాన్ని బట్టి దెబ్బ మారే పద్ధతి మరుసటి ఏడాది గ్రేహాక్ అనే అనుబంధంలో వచ్చింది. దొంగ పాత్ర వచ్చింది కూడా అందులోనే. ఈ రెండూ లేకుండా ఇప్పుడు ఈ ఆటను ఊహించుకోలేం.

మంచి హౌస్ రూల్ ఎలా ఉంటుందో చూడాలంటే గాయం మాన్పే మందు సంగతి చూడాలి. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకం ప్రకారం పోరాటం మధ్యలో ఆ సీసా తాగితే ఆ టర్న్‌లో చేయగలిగిన ముఖ్యమైన పని దానికే అయిపోతుంది. మామూలు మందు సగటున 7 హిట్ పాయింట్లు, అంటే పాత్ర ప్రాణాన్ని లెక్కపెట్టే అంకెలు, తిరిగి ఇస్తుంది. ఎదురుగా ఉన్న ఓగర్ అనే రాక్షసుడు దుడ్డుకర్రతో ఒక్కటిస్తే సగటున 13 పోతాయి. దెబ్బ కొట్టడం మానేసి మందు తాగినవాడు టర్న్ అయ్యేసరికి ఇంకా కిందికే జారతాడు. అందుకే చాలామంది సీసాలు సంచిలోనే దాచుకునేవారు, కొందరి సీసాలు శవం మీద దొరికేవి. మందును బోనస్ యాక్షన్‌గా, అంటే చిన్న పనిగా తాగొచ్చు అని ఎన్నో చోట్ల ఎవరికి వారే మార్చుకున్నారు. దీనికీ ఖర్చు లేకపోలేదు. రోగ్‌కి, అంటే ఆ దొంగ పాత్రకి, బోనస్ యాక్షన్‌తో వేరే పనులు బోలెడు, అతనికి ఇది ఉచితం కాదు. కానీ ఆ ఖర్చు చిన్నది, పైగా తాగాలో వద్దో ఆటగాడి చేతిలో ఉంది. 2024లో సవరించిన పుస్తకంలో ఇదే అసలు రూల్ అయింది.

20 పడితే ఏ పనైనా జరిగిపోవాల్సిందే అనేది మరో కథ. ఐదో ఎడిషన్‌లో 20 పడితే తప్పకుండా తగలడం దాడికే. గోడ ఎక్కడానికీ, రాజును ఒప్పించడానికీ ఆ హామీ లేదు. అయినా చాలామంది ఉందనుకునే ఆడతారు. ఒక బండ తలుపుంది, ఎత్తాలంటే 25 రావాలి. పాచిక మీద పడిన అంకెకు తన బలం కింద 8 కలుపుకునే బార్బేరియన్ అనే కండల యోధుడికి 20 శాతం అవకాశం. బక్కపలచని విజార్డ్‌కి అసలు లేదు. ఇప్పుడు ఈ హౌస్ రూల్ పెట్టి, అతని స్థితిలోనే ఉన్న నలుగురిని వరుసగా ప్రయత్నించమనండి. వాళ్లలో ఎవరో ఒకరికి 20 పడే అవకాశం 18.5 శాతం. బలమంతా కండల్లో పెట్టుకున్నవాడి 20 శాతానికీ దీనికీ తేడా ఏముంది? అక్కడ నష్టపోయింది బార్బేరియనే. 2022లో కొత్త రూల్స్ ప్రయోగాత్మకంగా ఆడించి చూసినప్పుడు ఆట తయారీదార్లు కూడా 20కి ఈ హామీ అన్నిటికీ ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

ఆ బార్బేరియన్ ఖర్మేమో గానీ, శత్రువును ఇద్దరు రెండు వైపులా చుట్టుముడితే అడ్వాంటేజ్ ఇచ్చే ఐచ్ఛిక రూల్ కూడా ముందు అతన్నే తాకుతుంది. అడ్వాంటేజ్ అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. ఒళ్లు లెక్కచేయకుండా దూకి, ఎదుటివాళ్లకూ తనమీద అదే వెసులుబాటు ఇచ్చి అతను సంపాదించుకునేదాన్ని, మిగతావాళ్లు రెండడుగులు పక్కకు జరిగి తెచ్చుకుంటారు. పైగా రాక్షసులు చాలాసార్లు గుంపుగానే వస్తారు. చుట్టుముట్టడం వాళ్లకే ఎక్కువ కలిసొస్తుంది.

రాసుకున్న రూల్స్ సంగతి సరే, వదిలేసిన రూల్స్ మాటేమిటి? ఎవరు ఎంత బరువు మోస్తున్నారో లెక్క పెట్టేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. విసుగు పని, నిజమే. కానీ ఆ లెక్క మానేసిన రోజు బలానికి విలువ ఇంకో మెట్టు తగ్గుతుంది. స్థలాలు కొనే బోర్డు ఆట మోనోపలీలోనూ ఇంతే. ఎవరైనా స్థలం కొననంటే దాన్ని వేలం వేయాలని రూల్స్‌లో ఉంది, చాలా ఇళ్లలో వేయరు. ఫ్రీ పార్కింగ్ అనే గడిలో డబ్బు పోగేసి అక్కడికి వచ్చినవాళ్లకు ఇవ్వడం మాత్రం రూల్స్‌లో లేదు, అది చేస్తారు. ఆటలోకి డబ్బు వస్తూనే ఉంటుంది, స్థలాలు ఎవరికీ పోక మిగులుతాయి, ఎవరూ దివాలా తీయరు. చివరికి ఆట తెమలడం లేదని కంపెనీని తిట్టుకుంటారు.

మా దగ్గర ఇప్పుడు ఒక కాగితం ఉంది. ఆట మధ్యలో సందేహం వస్తే నేను అప్పటికప్పుడు ఒక మాట చెప్పేస్తాను, వాదన ఉండదు. అది తీర్పు, ఆ రాత్రికే చెల్లుతుంది. అదే సందేహం మళ్లీ మళ్లీ వస్తేనే కాగితం ఎక్కుతుంది, పక్కన తేదీ వేస్తాం. మూడు సెషన్లు ఆడాక ఉంచాలా, తీసేయాలా అని చేతులెత్తి తేలుస్తాం. దీంతో కొంత గొడవ ఉంది, ఒప్పుకుంటాను. కొత్తగా చేరినవాళ్లకు ఏది అమల్లో ఉందో గుర్తుండదు, నాకూ అప్పుడప్పుడూ గుర్తుండదు.

ఆ పద్ధతి మొదలైనప్పుడు పాత రూల్స్‌నీ వరసగా ఓటుకు పెట్టాం. ఫంబుల్ వంతు వచ్చింది. లెక్కలన్నీ చదివి వినిపించి, దీన్ని ఉంచుదామా అని అడిగాను. విజార్డ్‌గా ఆడేవాడు ఒక్కడే చెయ్యెత్తాడు.